ఆటోగ్రాఫ్ పుస్తకం: భాషా చరిత్రకు ఆధారం

ఆటోగ్రాఫ్ పుస్తకమంటే పరిచయస్తుల చేత సంతకాలు, ఆశీస్సులు, నాలుగు ముక్కలు రాయించుకొనే ఖాళీ పుస్తకం. 16వ శతాబ్దంలో విటెన్‌బర్గ్ వంటి జర్మన్ విశ్వవిద్యాలయాల విద్యార్థుల్లో ఈ అలవాటు పెరిగింది. ఒకే పుస్తకంలో లాటిన్, గ్రీకు, హీబ్రూ, జర్మన్ రాతలు కనిపిస్తాయి. భాషా చరిత్రకారుడికి పొగడ్తలతో పనిలేదు; ఎవరు, ఎవరికి, ఏ భాషలో, ఏ లిపిలో రాశారన్నదే ముఖ్యం. జనాభా లెక్కలు మాతృభాషను నమోదు చేస్తే, ఈ పుస్తకం వాడుకను పట్టిస్తుంది. కాకపోతే నలుగురూ చూసే పేజీ కదా, ఇంటి భాష కన్నా పరువు భాషే ముందుకొస్తుంది. హీబ్రూలో పంక్తి రాసినవాడు హీబ్రూ మాట్లాడాడని కాదు.

ఇలా అడిగి రాయించుకొనే అలవాటు ఒక్కోసారి అచ్చు పుస్తకానికీ దారితీసింది. ఠాగూర్ చిరుపద్యాల సంపుటి ‘లేఖన్’ (1927)కు మూలం చైనా, జపాన్‌లలో విసనకర్రల మీద, పట్టుగుడ్డల మీద అభిమానులు రాయించుకున్న చిరుపద్యాలే. బెంగాలీ, ఇంగ్లీషు రెండూ ఆయన దస్తూరీతోనే అచ్చయ్యాయి.

తెలుగుకూ ఇలాంటి ఆధారాలు దొరికే చోట్లున్నాయి. గుజరాత్‌లోని సూరత్‌లో ఖటోదరా, ఉధ్నా, లింబాయత్ చుట్టుపక్కల వస్త్ర పరిశ్రమ తెలంగాణ నేతకార్మికులను రప్పించింది. నగరపాలక పాఠశాలలు గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ నడిచాయి. అలాంటి బడి పిల్లల వీడ్కోలు పుస్తకంలో సంతకం ఏ లిపిలో ఉంది, చిరునామా ఏ లిపిలో ఉంది అన్న తేడా ఒక్కటే ఎంతో చెబుతుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి.