ముడి ఏ పక్కన?

నేను చివరిసారి గౌను వేసుకున్నది పదమూడో ఏట. పెద్దమనిషినయ్యానని చాప మీద కూర్చోబెట్టిన ఆ వారంలోనే అమ్మ నా గౌన్లన్నీ తీసి, గట్టి గుడ్డని దిండు గలీబులుగా, పనికిరానిదాన్ని మిషను తుడుచుకునే పీలికలుగా కత్తిరించేసింది. కోపంతో కాదు, పొదుపుతో. తర్వాత లంగా ఓణీ, ఆ తర్వాత చీర. ఇప్పుడు అరవై ఒకటో ఏట, ఒకే కాలేజీలో పనిచేసి రిటైరైన నలుగురం కలిసి జనవరిలో అండమాన్ వెళ్దామనుకున్నాక, నాకోసం ఒక గౌను కుట్టుకోవాలనిపించింది. "ట్రాపికల్ వెకేషనా అమ్మా!" అని మా అమ్మాయి ఫోన్లో నవ్వింది. పదిహేడో అక్షాంశం మీద హఫీజ్‌పేట్‌లో కూర్చుని ఉష్ణమండలానికి విహారం వెళ్లడమేమిటో నాకూ నవ్వొచ్చింది గానీ, సముద్రమంటూ ఒకటి ఉంది కదా.

నేను అనుకున్నది ర్యాప్ డ్రస్సు. ముందువైపు రెండు భాగాలూ విడిగా ఉండి, ఒకదాని మీదకి ఒకటి వచ్చి, నడుం దగ్గర తాళ్లతో ముడిపడతాయి. గుండీలు లేవు, హుక్కులు లేవు, జిప్పు లేదు. దాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, నా నడుం చుట్టూ లంగా బొందు చేసిన నల్లటి గీత ఉంది. చదువుతున్న మీలో చాలామందికి ఉండే ఉంటుంది. పదేళ్ల కిందట గర్భసంచి తీసేశాక పొట్ట మీద కోత గీత దానికి తోడైంది. బొందు సరిగ్గా దాని మీదికే వస్తుంది. బిగిస్తే మంట, వదిలేస్తే చీర జారుతుంది. జాకెట్ల సంగతి సరేసరి. ఒళ్లు మారిన ప్రతిసారీ ఏదో తప్పు చేసినట్టు టేపు పట్టుకున్న మాస్టర్ ముందు నిలబడాలి. ఇన్నాళ్లూ మనకి దొరికిన వదులు బట్ట నైటీ ఒక్కటే. అది కూడా మీద తువ్వాలో చున్నీయో లేకపోతే కూరగాయల బండి దాకా వెళ్లనివ్వదు. నైటీ మీది తువ్వాలు చరిత్ర ఎవరైనా రాయాలి, నేను చదువుతాను.

గుడ్డ కోసం వెతుక్కోలేదు. మాది బందరు. పెడన నుంచి తెచ్చుకున్న కలంకారీ నాలుగు మీటర్లు బీరువాలో ఉంది, ఇటుక ఎరుపు మీద నల్లటి తీగలు. అమ్మ దాన్ని కలంకారీ అనేది కాదు, అద్దకం అనేది. గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. బెల్లం నీళ్లలో ఇనప ముక్కలు నానబెడితే వచ్చే నలుపుని చెక్క అచ్చుతో అద్దుతారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, తర్వాత రంగులో ఉడకబెడతారు. ఒకప్పుడు ఆ ఎరుపు కృష్ణ ఒడ్డు ఇసక నేలల్లో దొరికే చిరివేరు నుంచి వచ్చేది.

ఈ గుడ్డకీ ఒంటికి చుట్టుకునే అంగీకీ ఉన్న చుట్టరికం నేను అనుకున్నదానికంటే పాతది. బందరు గోల్కొండ సుల్తానుల రేవు. ఆ కోట మా ఇంటికి పెద్ద దూరమేమీ కాదు. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో వ్యాపార స్థావరాలు పెట్టుకున్నారు, ముఖ్యంగా ఈ బట్ట కోసమే. ఆ కాలంలో ఐరోపాలో డబ్బున్న మగవాళ్లు ఇంటికి రాగానే బిగుతు కోటు విప్పేసి, ముందు తెరిచి ఉండే వదులు అంగీ ఒకటి చుట్టుకునేవాళ్లు. ఇంగ్లీషులో దాన్ని బనియన్ అన్నారు. మన వర్తకుల 'బనియా' పేరే దానికి అంటుకుంది. మనింటి మగవాళ్ల బనీనుకీ పేరు అక్కడిదే. పట్టుతో కుట్టించుకున్నవాళ్లున్నారు, కోరమాండల్ అద్దకంతో కుట్టించుకున్నవాళ్లున్నారు. పండితులు, శాస్త్రజ్ఞులు ఆ అంగీలోనే కూర్చుని చిత్రాలు గీయించుకున్నారు. ఒంటికి వదులు దొరికితే బుద్ధికీ దొరుకుతుందని వాళ్ల నమ్మకం. మగవాడి బుద్ధికి.

అదే గుడ్డ ఆడవాళ్ల ఒంటి మీద ఏమైందో చూడండి. ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టల్ని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. లండన్‌లో 1719 వేసవిలో పట్టు, ఉన్ని నేతగాళ్లు గుంపులుగా వీధుల్లో తిరిగి, అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్లని పట్టుకుని ఒంటి మీదే చింపేశారు. సిరా పోశారు, యాసిడ్ చల్లారు. ఆ నేతగాళ్లు ఆకలితో ఉన్నారన్నది అబద్ధం కాదు. మన నేతన్నల ఆత్మహత్యలు చూసినవాళ్లం, ఆ ఆకలిని చులకన చెయ్యలేం. కానీ బట్ట తెచ్చి లాభపడిన కంపెనీ కంటే వీధిలో ఒంటరిగా నడిచిపోయే ఆడమనిషి సులువుగా దొరికింది. 1721లో పార్లమెంటు అద్దకం నూలు బట్టలు తొడుక్కోవడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. నేతగాళ్ల తరఫున ఆ బట్టలకి వ్యతిరేకంగా పత్రిక నడిపినవాడు డేనియల్ డీఫో. అదే 1719లో ఆయన 'రాబిన్సన్ క్రూసో' అచ్చయింది. ఉష్ణమండలపు దీవిలో ఒంటరి మగవాడు మేకతోళ్లతో తన బట్టలు తానే కుట్టుకుంటే అది సాహసం. డిగ్రీ విద్యార్థులకి ఆ నవల ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను. ఈ రెండో సంగతి తెలియకుండానే చెప్పాను.

ఆడవాళ్లకి చుట్టుకునే గౌను వంటింటి దారిన వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆహార శాఖ అధిపతి హెర్బర్ట్ హూవర్ పేరు మీద 'హూవర్ ఏప్రన్' వచ్చింది. దానికి ముందు భాగాలు రెండూ ఒకే వెడల్పు. పై భాగానికి మరకైతే దాన్ని లోపలికి తిప్పి, లోపలిదాన్ని పైకి వేసుకోవచ్చు. 1942లో క్లేర్ మెకార్డెల్ 'పాపోవర్' కుట్టింది. పనిమనుషులు యుద్ధ పరిశ్రమల్లోకి వెళ్లిపోయారు, ఇక ఇల్లాలే వండుకోవాలి, అందంగానూ ఉండాలి. అందుకని డెనిమ్‌తో చుట్టుకునే గౌను, దానికి జతగా వేడి గిన్నెలు పట్టుకునే తొడుగు. ధర ఏడు డాలర్ల లోపే. 1974లో బ్రస్సెల్స్‌లో పుట్టిన డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ న్యూయార్క్‌లో సాగే జెర్సీ గుడ్డతో ఆఫీసుకి వెళ్లే ఆడవాళ్ల కోసం ర్యాప్ డ్రస్సు తెచ్చింది. రెండేళ్లలో పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయంటారు. ఆమె తల్లి ఆష్విట్జ్ నుంచి బతికొచ్చిన మనిషి.

కథ ఇక్కడిదాకా బాగానే ఉంది. పాపోవర్ దగ్గర నాకు ఒక చిక్కు మిగిలింది. ఫ్యాక్టరీకి వెళ్లిపోయిన ఆ పనిమనిషి ఏం వేసుకుంది? నేను చదివిన ఫ్యాషన్ చరిత్రల్లో ఆమె గుమ్మం దాటి వెళ్లిపోవడమే ఉంది.

నాకు కటింగ్ రాదు. అమ్మ వీధిలో అందరికీ జాకెట్లు కుట్టి నా ఫీజులు కట్టింది. నేను మిషను ముట్టుకుంటే మాత్రం తిట్టేది, చదువుకో పో అని. ఆ మిషను ఇప్పుడు మా బాల్కనీలో ఉంది. 2004లో మేం ఇక్కడికి వచ్చినప్పుడు అక్కణ్నుంచి రాళ్లూ తుప్పలూ, దూరంగా ఎమ్మెమ్‌టీఎస్ రైలూ కనిపించేవి. ఇప్పుడు రైలు చప్పుడే వినిపిస్తుంది, మధ్యలో అన్నీ టవర్లు. అందుకని స్టేషను అవతల బస్తీలో ఫాల్, పీకో, జాకెట్లు కుట్టే ఒకామెని పిలిచాను. పాలమూరు వైపు మనిషి. మొగుడి మేస్త్రీ పని వెంట వచ్చి, సైబర్ టవర్స్ తర్వాత లేచిన భవనాల మధ్య నిలిచిపోయింది. పొద్దున రెండు ఫ్లాట్లలో వంట, మధ్యాహ్నం నుంచి మిషను.

కాగితం మీద బొమ్మ చూపిస్తే ఆమెకి అర నిమిషం పట్టలేదు. "కట్టుకునుడు అల్కగనే ఉంటది మేడం, గని సముద్రం కాడ గాలికి లేస్తది" అంది. ఆ మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పై భాగం అవతలి పక్క కుట్టు దాకా వచ్చేట్టు వెడల్పు పెంచింది. మెడ దగ్గర గుడ్డ ఏటవాలుగా తెగుతుంది కాబట్టి సాగకుండా ముందే ఒక కుట్టు వేసింది. మిగిలిన ముక్కల్లో రెండు జేబులు తీసింది, అడక్కుండానే.

కుడుతూ చెప్పింది, ఇంతకు ముందు రెండేళ్లు ఒక బట్టల కంపెనీలో చేసిందట. "ఎడమ చెయ్యి ఒక్కటే కుట్టేది. గంటకిన్ని అని లెక్క. నీళ్లు తాగితే ఒంటేలుకు పోవాలని నీళ్లు తాగకపోయేది. అంగీ మొత్తం ఎట్లుంటదో ఎన్నడు చూడలే." ఎవరు తొడుక్కునేవారో తెలుసా అని అడిగాను. తెల్లోళ్లు, అంది. ఏ బీచిలో ఎవరు ఆ ఎడమ చెయ్యి తొడుక్కుని తిరిగారో. ఎంతిమ్మంటావంటే జాకెట్టుకెంతో అంతే అంది. ఇది జాకెట్టుకి మూడింతల పని కదా అన్నాను. కాసేపు బేరం తిరగబడి నడిచింది, నేను పెంచుతూ, ఆమె తగ్గిస్తూ. చివరికి నా మాటే నెగ్గింది. అందులో నా గొప్ప ఏమీ లేదు, అమ్మ పుచ్చుకున్న మజూరీలు నాకు తెలుసు.

ఆఖర్న తాళ్లు మిగిలాయి. కింది భాగం తాడు పక్క కుట్టులోని సందులోంచి బయటికి రావాలి. "ముడి ఏ దిక్కు పెట్టాలె?" అని అడిగింది. మొగలుల కాలంలో అంగీ ముడి ముస్లింలకి కుడివైపు, హిందువులకి ఎడమవైపు ఉండేదనీ, పాత చిత్రాల్లో మనిషి ఎవరో ముడిని చూసి పోల్చుకుంటారనీ చెప్పాను. ఆమె సూది ఆపి, "గట్లనా? మా గల్లీల అందరివీ నేనే కుడత. కొలతలే అడుగుత" అంది.

హూవర్ ఏప్రన్ గుర్తొచ్చి, రెండు పక్కలా సందు వదలమన్నాను. అప్పటికే ఒక పక్క కుట్టేసింది. విసుక్కోకుండా నాలుగు వేళ్ల మేర విప్పి, అంచులు మడిచి, మళ్లీ కుట్టింది. తొడుక్కుని బయటికి వచ్చాను. ఆమె చుట్టూ తిరిగి చూసి, కుడి తాడు ఒక బెత్తెడు పొడుగుందని చెప్పి, కత్తెర తీసుకుంది.