కోత చరిత్రలో కనబడని ఊడ్పు: పచ్చిక తునకలు చెత్తగా మారిన క్రమం

వ్యాససంగ్రహం:

పచ్చిక కోసే యంత్రం చరిత్రను సాధారణంగా కత్తి చరిత్రగా రాస్తారు. ఎవరు కనిపెట్టారు, ఎంత వెడల్పున కోసింది, గుర్రం లాగిందా, మోటారు నడిపిందా అన్నవే అందులో ప్రధాన ప్రశ్నలు. కోసిన గడ్డిని ఎవరు ఊడ్చారు, అది ఎక్కడికి పోయింది అన్న ప్రశ్నలు పక్కనే ఉండిపోయాయి. 18వ శతాబ్ది ఇంగ్లండు తోటల నుంచి 20వ శతాబ్ది చివరినాటి అమెరికా శివారు ఇళ్ల వరకు ఈ రెండో ప్రశ్నను ఈ వ్యాసం అనుసరిస్తుంది. కోసిన గడ్డి స్వభావరీత్యా చెత్త కాదని, కంటికి నచ్చే శుభ్రతా, దాన్ని అందించిన పెట్టే, సంచీ కలిసి దాన్ని చెత్తగా మార్చాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పచ్చిక, కసవు, ఊడ్పు, శ్రమ, యంత్రం, పేటెంటు, చెత్త, నత్రజని.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'కసవు' అనే మాట ఈ చర్చకు మంచి ప్రవేశద్వారం. కావ్యభాషలో, నిఘంటువుల్లో కసవు అంటే గడ్డి. పశువు మేసేది కసవే. రాయలసీమ వాడుకలో 'కసువు ఊడ్వడం' అంటే ఇల్లూ వాకిలీ చిమ్మడం. ఇక్కడ కసువు అంటే చెత్త. ఒకే మాట ఒకచోట మేతగానూ, మరొకచోట పారవేయవలసినదిగానూ నిలిచింది. ఈ రెండు అర్థాల నడుమ ఉన్న దూరం పదార్థంలో లేదు; అది ఎక్కడ పడి ఉంది, ఎవరికి అక్కర లేదు అన్నదానిలో ఉంది.

విశాలమైన పచ్చిక మైదానాన్ని కోసిన ప్రతిసారీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. కోసిన తునకలను నేలమీదే వదలాలా, ఊడ్చి తరలించాలా? తోటపని పుస్తకాలు దీన్ని సాంకేతిక సమస్యగా చూస్తాయి. దీనికి సుమారు మూడు శతాబ్దాల సామాజిక చరిత్ర ఉంది.

2. యంత్రానికి ముందు: కొడవలి, చీపురు

18వ శతాబ్దిలో ఇంగ్లండు భూస్వాముల భవనాల ముందు విశాలమైన పచ్చిక హోదాకు గుర్తుగా స్థిరపడింది. పంట పండించకుండా, పూర్తిగా మేతకూ వదలకుండా అంత నేలను చూపుకోసం నిలపగలగడమే ఆ హోదాకు ఆధారం. దూరపు బయళ్లను గొర్రెలు మేసేవి. భవనానికి దగ్గరగా ఉన్న పచ్చికను పొడవాటి పిడి ఉన్న పెద్ద కొడవలితో, నిలబడి ఊపుతూ కోసేవారు. తడిగా ఉన్న గడ్డి కొడవలికి బాగా తెగుతుంది కాబట్టి మంచు ఆరకముందే, తెల్లవారుజామున, కోత మొదలయ్యేది.

కోతతో పని పూర్తయ్యేది కాదు. తడి గడ్డి బరువుగా, వరుసలుగా పడుతుంది. అలాగే వదిలితే కింది పచ్చిక పాలిపోతుంది, నడిచేవారి బట్టలకు అంటుకుంటుంది. ఎండుగడ్డి చేయడానికి అది మరీ పొట్టి. అందువల్ల కోసినవారి వెనుక ఊడ్చి, పోగుచేసి, మోసుకుపోయేవారు ఉండేవారు. అలా తరలించిన గడ్డిలో కొంత ఎరువు కుప్పకు, కొంత కుళ్లే వేడితో మొక్కలు పెంచే మడులకు చేరేది. అంటే తోటనుంచి తొలగించినా, అది తోట ఆర్థికవ్యవస్థ నుంచి తొలగిపోలేదు.

ఈ ఊడ్పు ఎవరిది? బాల్తసార్ నెబో అనే చిత్రకారుడు 1738లో బకింగ్‌హమ్‌షైర్‌లోని హార్ట్‌వెల్ హౌస్ తోటలను వరుస చిత్రాలుగా గీశాడు. అందులో కొడవలి పట్టిన పురుషులతోబాటు కోసిన గడ్డిని పోగుచేసే స్త్రీలూ కనిపిస్తారు. ఇది ఆశ్చర్యపరిచే విషయం కాదు. హ్యాంప్టన్ కోర్ట్ రాజోద్యానపు 16వ శతాబ్ది లెక్కల్లోనే కలుపు తీసే స్త్రీల దినకూలి నమోదై ఉంది. వంగి చేసే పని, ఏరే పని, ఊడ్చే పని స్త్రీలది. నిలబడి కొడవలి ఊపే పని పురుషులది. నైపుణ్యమన్న పేరు, ఎక్కువ కూలి రెండోదానికే దక్కాయి.

3. 1830: పేటెంటులోని పెట్టె

గ్లోస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ పట్టణ పరిసరాలు ఉన్ని బట్టల మిల్లులకు ప్రసిద్ధి. నేసిన ఉన్నిబట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించడానికి, గుండ్రంగా తిరిగే బద్దల యంత్రం ఆ మిల్లుల్లో వాడుకలో ఉండేది. అక్కడి ఎడ్విన్ బడ్డింగ్ అనే యంత్రకారుడు ఆ సూత్రాన్నే నేలకు అన్వయించాడు. జాన్ ఫెర్రాబీ అనే కర్మాగార యజమానితో ఒప్పందం కుదుర్చుకుని, 1830లో పేటెంటు పొందాడు. తొలి యంత్రం 19 అంగుళాల వెడల్పున కోసేది. ఒకరు వెనుకనుంచి నెడితే, అవసరమైతే మరొకరు ముందునుంచి లాగేవారు. నేలమీద దొర్లే రోలరు పళ్లచక్రాల ద్వారా బద్దలను తిప్పేది. కొడవలికి భిన్నంగా ఈ యంత్రానికి పొడి గడ్డి అనుకూలం. దానితో కోతకు తెల్లవారుజాము తప్పనిసరి కాకుండా పోయింది.

చరిత్రకారులు ఎక్కువగా చెప్పేది ఇంతవరకే. యంత్రం ముందు ఒక తొట్టెలాంటి పెట్టె కూడా ఉంది. తిరిగే బద్దలు కోసిన గడ్డిని ఎగరజల్లితే అది ఆ పెట్టెలో పడేది. ఈ పెట్టె ఎంత ముఖ్యమైనదో సమకాలీన సాక్ష్యమే చెబుతుంది. లండన్ రీజెంట్స్ పార్కు జంతుప్రదర్శనశాల ఉద్యానంలో దీన్ని వాడిన పర్యవేక్షకుడు కర్టిస్, ఈ యంత్రం కొడవళ్లూ చీపుళ్లూ పట్టిన ఆరేడెనిమిది మంది మనుషుల పని చేస్తుందనీ, వెనుక ఏ ఆనవాలూ మిగల్చదనీ మెచ్చుకున్నాడు. ఆయన కొడవళ్లతో ఆగలేదు, చీపుళ్లనూ లెక్కించాడు. యంత్రం ఆదా చేసిన కూలిలో ఊడ్పు కూలీ ఉందని ఆనాటివారికి స్పష్టంగా తెలుసు.

ఆయన వాడిన మాట పురుషవాచకం. ఎనిమిదేళ్లు తక్కువ శతాబ్దం ముందు నెబో చిత్రంలో కనిపించిన స్త్రీలు ఈ లెక్కలో విడిగా కనిపించరు. యంత్రం వారి పనిని తీసుకున్నది. లెక్క వారి ఉనికిని తీసుకున్నది. పేటెంటు పత్రం ఈ యంత్రాన్ని గ్రామీణ పెద్దమనుషులకు ఆహ్లాదం, ఉపయోగం, ఆరోగ్యం కలిగించే వ్యాయామంగా పరిచయం చేసింది. పేదలకు కూలిగా ఉన్న పని పెద్దమనిషికి వ్యాయామంగా మారాలంటే, అందులోని వంగి ఊడ్చే భాగం ముందుగా మాయం కావాలి. దాన్ని మాయం చేసింది ఆ పెట్టే.

4. మైదానం పెరిగితే పెట్టె చాలదు

చిన్న పచ్చికకు పెట్టె పరిష్కారం. పెద్ద మైదానంలో అదే సమస్య. పెట్టె నిండిన ప్రతిసారీ ఆగాలి, ఖాళీ చేయాలి, కుప్పలను బండికెత్తాలి. కోత వేగం పెరిగేకొద్దీ తరలింపు భారం పెరుగుతుంది. 1840ల ఆరంభంలో స్కాట్లండులోని అర్‌బ్రోత్‌కు చెందిన అలెగ్జాండర్ షాంక్స్ చిన్న గుర్రం లాగే వెడల్పాటి యంత్రాన్ని తెచ్చాడు. గిట్టలు పచ్చికను గుచ్చకుండా గుర్రాలకు తోలు జోళ్లు తొడిగేవారు. 1859లో లీడ్స్‌కు చెందిన థామస్ గ్రీన్ గొలుసుతో నడిచే యంత్రం తెచ్చాడు. తక్కువ చప్పుడు చేసే ఆ యంత్రానికి 'నిశ్శబ్దంగా కోసేది' అనే అర్థమిచ్చే లాటిన్ పేరు పెట్టారు. 1902లో ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ సంస్థ మోటారు యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది.

ప్రతి దశలోనూ పెరిగింది కోత సామర్థ్యమే. చివరికి 20వ శతాబ్ది రెండో దశకంలో అమెరికాలో చార్లెస్ వర్తింగ్టన్ అనేక కోత భాగాలను పక్కపక్కన జతచేసి లాగే యంత్రాన్ని గోల్ఫు మైదానాల కోసం రూపొందించాడు. ఇటువంటి జత యంత్రాలు విశాల మైదానాల్లో సాధారణంగా పెట్టె లేకుండానే పనిచేశాయి. గడ్డి కోసినచోటే రాలింది. తరచుగా కోయడంవల్ల తునకలు చిన్నవిగా ఉండి పచ్చికలో కలిసిపోయాయి. తునకలు నేలలో కలవడం పచ్చికకు హాని కాదని పెద్ద మైదానాల ఆచరణ ముందే చూపింది. ఇంటి పచ్చికలు మాత్రం వ్యతిరేక దిశలో నడిచాయి.

5. సంచి, చెత్తబండి, చట్టం

రెండో ప్రపంచయుద్ధం తరువాత అమెరికా శివార్లలో పచ్చిక సామాన్య గృహస్థుని బాధ్యత అయింది. 1947లో న్యూయార్క్ సమీపంలో మొదలైన లెవిట్‌టౌన్ కాలనీలో, కోత కాలంలో వారానికొకసారి గడ్డి కోయడం నివాసుల నియమం. పెట్టె స్థానంలో యంత్రానికి సంచి వచ్చింది, దాని వెనుక ప్లాస్టిక్ సంచి, దాని వెనుక పురపాలక చెత్తబండి. భూస్వామి తోటలో ఎరువు కుప్పకు చేరిన గడ్డి, ఇక్కడ చెత్త పూడ్చే గోతులకు చేరింది. ఊడ్చే శ్రమ పోలేదు. అది పౌరుని పన్ను మీదికి, పారిశుద్ధ్య కార్మికుని భుజం మీదికి మారింది.

అమెరికా పర్యావరణ సంస్థ లెక్కల ప్రకారం 1990లో ఆకులు, కొమ్మలతో కలిపి పెరటి వ్యర్థాలు సుమారు 3 కోట్ల 50 లక్షల టన్నులు. అది పురపాలక వ్యర్థంలో దాదాపు ఆరో వంతు. గోతులు నిండుతున్న ఆ కాలంలో రాష్ట్రాలు చట్టాలు చేశాయి. ఇలినాయిలో 1990 జూలై నుంచి, విస్కాన్సిన్‌లో 1993 నుంచి పెరటి వ్యర్థాలను ఆ గోతుల్లో వేయడాన్ని నిషేధించారు. టెక్సాస్‌లో వ్యవసాయ విస్తరణ విభాగం గడ్డిని సంచికెత్తవద్దంటూ ప్రచారం చేసింది. 2018 నాటికి పెరటి వ్యర్థాల మొత్తం దాదాపు అంతే ఉన్నా, గోతులకు చేరింది సుమారు 1 కోటి 5 లక్షల టన్నులు మాత్రమే.

దీనికి శాస్త్ర పునాది ఉంది. వదిలిన తునకలు పచ్చిక అడుగున మందపాటి పీచు పొరగా పేరుకుంటాయన్న నమ్మకం చాలాకాలం బలంగా ఉండేది. ఆ పొర ప్రధానంగా లిగ్నిన్ ఎక్కువగా ఉండే కాండాల, వేళ్ల అవశేషాలతో ఏర్పడుతుందని పరిశోధనలు తేల్చాయి. ఆకు తునకల్లో మూడు వంతులకు పైగా నీరే; మిగిలింది త్వరగా కుళ్లుతుంది. వాటి ఎండు బరువులో సుమారు 3 నుంచి 4 శాతం నత్రజని, దానితోబాటు పొటాష్, కొంత భాస్వరం ఉంటాయి. కనెటికట్‌లో కాప్, గిలార్డ్ జరిపి 2002లో ప్రచురించిన పరిశోధన, తునకలను తిరిగి నేలకిస్తే పచ్చిక నాణ్యత తగ్గకుండానే నత్రజని ఎరువును సగానికి తగ్గించవచ్చని చూపింది.

అయితే వదలడం అంటే పట్టించుకోకపోవడం కాదు. గడ్డి వేళ్లపై క్రైడర్ 1955లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఒకేసారి దాదాపు సగం ఆకును తీసేస్తే వేరు పెరుగుదల కొంతకాలం ఆగిపోతుంది. ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయరాదన్న నియమానికి ఇలాంటి పరిశీలనలే ఆధారం. ఆ నియమం పాటిస్తే తునకలు పొట్టిగా ఉండి, ఊడ్చే అవసరమే రాదు. వానలకు ఏపుగా పెరిగిన మైదానంలో వరుసలు పడితే, వాటిని రెండోసారి కోసి చెదరగొట్టడం మేలు. రోడ్డుమీద, మురుగుకాలువలో పడిన తునకలను మాత్రం ఊడ్వక తప్పదు. అవి చెరువులకు పోషకాలను మోసుకుపోయి నాచును పెంచుతాయి. కలుపుమందు చల్లిన గడ్డిని కూరమడుల్లో పరచకూడదు. అంటే గడ్డి ఎక్కడ పడిందన్నదే అది ఎరువో చెత్తో నిర్ణయిస్తున్నది.

6. తెలుగు నేలకు వర్తింపు

వలసపాలన కాలపు భారతదేశంలో తెల్లదొరల గుర్రానికి సాధారణంగా ఇద్దరు సేవకులు: సంరక్షకుడు ఒకరు, రోజూ గడ్డి కోసి తెచ్చేవారు మరొకరు. ఆ రెండో వ్యక్తిని ఆంగ్లేయులు 'గ్రాస్‌కట్టర్' అన్నారు. 1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు, ఈ మాట హిందుస్తానీ మూలపదపు అపభ్రంశం కావచ్చునని సూచించింది. ఇంగ్లండులో కోసిన గడ్డిని వదిలించుకోవడానికి కూలి ఇస్తే, ఇక్కడ కోసిన గడ్డి కోసమే కూలి ఇచ్చారు. మోపు కట్టి సంతకు తెచ్చిన గడ్డికి ధర పలికే సమాజంలో అది చెత్త కావడం కష్టం.

నేడు ఆ పరిస్థితి మారుతున్నది. విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో, కార్యాలయాల ముందు, నగరపు పార్కుల్లో పచ్చికలు పెరిగాయి. గడ్డికోసం ఎదురుచూసే పశువు దూరమైంది. అమెరికా శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది వారాంతపు పనిగా నేరుగా పరిచయం. మన ప్రాంగణాల్లో కోత యంత్రం వెనుక చీపురు పట్టి నడిచే స్త్రీల శ్రమను ఎవరు ఎలా లెక్కిస్తున్నారన్నది శ్రమచరిత్ర, వ్యవహారభాష రెండింటి పరిశోధకులకూ తగిన అంశం. కసవు, కసువు, చెత్త, మేత, మోపు వంటి మాటల ప్రాంతీయ అర్థభేదాలను సేకరిస్తే, గడ్డి విలువ ఎప్పుడు ఎక్కడ మారిందో భాషే సాక్ష్యమిస్తుంది.

7. ముగింపు

కొడవలి వెనుక చీపురు, బద్దల ముందు పెట్టె, మోటారుకు సంచి — కోత పరికరం మారిన ప్రతిసారీ ఊడ్పు రూపం మారింది. కోసినవారి పేర్లు పేటెంట్లలో నిలిచాయి. ఊడ్చినవారి పేర్లు నిలవలేదు. ఆ ఊడ్పులో చాలాభాగం నేల కోరినది కాదని, కన్ను కోరినదని 20వ శతాబ్ది చివరి పరిశోధనలు తేల్చాయి. అనవసరమని తేలినంత మాత్రాన ఆ శ్రమ జరగనిదైపోదు. తరతరాలుగా వంగిన నడుములు దానికి మూల్యం చెల్లించాయి. పచ్చిక చరిత్ర రాసేవారు యంత్రంతోబాటు చీపురునూ ఆధారంగా స్వీకరించినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.