కొక్కెర అనుకున్నరు, బర్డ్ ఫ్లూ అని తేలింది



మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదట బయటపడింది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలోని నవాపూర్‌లో. అదీ మనలెక్కనే ఆదివాసీ ప్రాంతం. ఫారాలల్ల కోళ్లు కుప్పలుగ చస్తుంటే యజమానులు కొక్కెర తెగులే అన్నరు. భోపాల్ ల్యాబ్‌లో హెచ్5ఎన్1 అని తేలింది. చుట్టుపక్కల ఇండ్లల్ల పెంచుకునే కోళ్లను కూడా పట్టి చంపిన్రు.

2008లో పశ్చిమ బెంగాల్ బీర్భూంలో అంటుకున్నది ఎక్కువగా పెరటి కోళ్లకే. చంపుతరని కొందరు కోళ్లను దాచిపెట్టిన్రు. వాళ్లను ఏమనగలం? పెన్‌కు మొక్కిన పుంజును మనమైతే ఇస్తమా?

2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ దగ్గరి తొర్రూరుకూ వచ్చింది.

ఆదిలాబాద్ గూడేలల్ల ఇప్పటికీ కోడి చస్తే కొక్కెరే అంటరు. చూస్తే రెండూ ఒక్కతీరే, ల్యాబ్‌లనే తేలుతది. అందుకే ఒకేసారి నాలుగైదు చస్తే కోసుకోవద్దు, అంగడికి తీసుకపోవద్దు, వాగుల పారెయ్యద్దు. ముట్టుకోకుండా పశువుల డాక్టరుకు ఫోన్ చెయ్యాలె.