దేవుడి బొమ్మ లేనందుకేనా?

కాజీపేటలో రైలు దిగి ఓరుగల్లు కోటకు వెళ్లేవారికి ఒక మాట తరచూ వినిపిస్తుంది. 1323లో ఢిల్లీ సేనలు కోట గెలిచి, నడుమనున్న స్వయంభూ శివాలయాన్ని పడగొట్టాయి. చుట్టూ ఉన్న నాలుగు కీర్తితోరణాల మీద దేవుళ్ల బొమ్మలు లేవు కాబట్టి వాటిని వదిలేశాయట. మాట బాగుంది. నిలుస్తుందా అన్నదే చూడాలి.

ముందు చెక్కడం సంగతి. తోరణాల మీద తామరమొగ్గలు, వేలాడే దండలు, హంసలు, మకరాలు, సింహాలు ఉన్నాయి. నడిమి గీతకు అటూ ఇటూ ఒకే వరసలో తీర్చారు. దేవతామూర్తి లేదన్నది నిజమే. ప్రాణుల బొమ్మలే లేవని కొందరు ఇంకాస్త ముందుకు వెళ్తారు. హంస, సింహం ప్రాణులే కదా! ఆ వాదన అక్కడితో సరి.

సాంచీ తోరణాల పోలిక పట్టుకుంటే దారి దొరుకుతుందేమో అనిపిస్తుంది. కానీ సాంచీవి సుమారు పన్నెండు వందల ఏళ్లు పెద్దవి. పోలిక కంటికి ఆనుతుంది గాని, 1323లో జరిగిన దాని గురించి ఏమీ చెప్పదు.

మైదానంలో పడివున్న రాళ్లలో తామరలు, లతలు చెక్కినవీ ఉన్నాయి. దేవుడి బొమ్మ లేకపోవడమే రక్ష అయితే అవెందుకు పడ్డాయి? ఈ ప్రశ్న నాకు మొదట బలంగానే కనిపించింది. అయితే గుడి కూలితే దాని రాళ్లన్నీ కూలుతాయి, నగిషీ ఏదైనా సరే. తోరణాలు గుడికి అంటుకుని లేవు, విడిగా నిలిచాయి. అందువల్ల ఈ రాళ్ల సాక్ష్యం వాదనను పడగొట్టదు, నిలబెట్టదు.

ఇక కొలతలు. ఉత్తర దక్షిణ తోరణాల మధ్య సుమారు 480 అడుగులు, తూర్పు పడమరల మధ్య సుమారు 433. అంటే ఇది నిక్కమైన చతురస్రం కాదు, యంత్రం గీసి కట్టారన్న ఊహకు ఈ లెక్క ఒప్పుకోదు. నాలుగూ నాలుగు దిక్కుల్లో ఉండి, నడిమి చోటుకు వాకిళ్లవుతాయి. గెలిచినవారు ఆ నడిమి చోటనే పాత స్తంభాలతో మసీదు కట్టారని చరిత్రకారులు తేల్చారు. నగరాన్ని సుల్తాన్‌పూర్ అన్నారు, ఆ పేరుతో నాణేలూ వేశారు. పాడుపెట్టిన ఊరికి టంకశాల ఉండదు.

పడమటి తోరణానికి ఆవల ఖుష్ మహల్ ఉంది. స్థానికులు దాన్ని పదహారో శతాబ్ది పాలకుడి పేరుతో చెబుతారు. లోపలికి వాలిన గోడలు మాత్రం పద్నాలుగో శతాబ్ది ఢిల్లీ కట్టడాల తీరువి. నేను గోడల మాటే నమ్ముతాను.

ఈ లెక్కన తోరణాలు మిగిలిపోయిన రాళ్లు కావు, వాడుకలో ఉన్న ద్వారాలు. బొమ్మలు లేకపోవడం అందుకు అడ్డు కాలేదనవచ్చు, అదే కారణమని మాత్రం అనలేం. 1591లో హైదరాబాదులో చార్మినార్ లేచింది. దానికి ఉత్తరాన చార్‌కమాన్‌లో నాలుగు దిక్కులకు నాలుగు కమాన్లు నిలిచాయి. ఆ అమరికలో ఓరుగల్లు నీడ ఉందనే పండితులున్నారు.