రెగ్యులర్ అనే మాట వెనుక

పుదుచ్చేరిలోని మేట్టుపాళయం పారిశ్రామికవాడ షిఫ్టుల లెక్కన బతికే ప్రాంతం. అదే పట్టణానికి ఉత్తరాన, సముద్రపుటొడ్డున కాలాపేటలో ఉన్న పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పీరియడ్ల లెక్కన నడుస్తుంది. ఈ రెండు గడియారాలూ కలవవు. పగటి షిఫ్టులో యంత్రం దగ్గర నిలబడ్డ యువకుడికి ఉదయపు తరగతి అందదు. రాత్రి షిఫ్టు దిగినవాడికి అదే తరగతిలో నిద్ర ఆగదు. 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం పదేళ్ళ తర్వాత, 1995లో, దూరవిద్యా విభాగం తెరిచింది. అప్పటికే తెలుగునాట ఆ ప్రయోగానికి పుష్కరకాలం దాటింది. ఎక్కడ చదివాడు, ఏ వేళ చదివాడు అన్నదాన్ని బట్టి పట్టాకు విలువ కట్టే అలవాటు మాత్రం అంతకంటే చాలా పాతది.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పుట్టినప్పుడు దాని ప్రధాన వృత్తి పాఠం చెప్పడం కాదు, పరీక్ష పెట్టడం. బోధన అనుబంధ కళాశాలల బాధ్యత. అభ్యర్థి నిజంగా చదివాడని విశ్వవిద్యాలయానికి రుజువేమిటి? కళాశాల ఇచ్చే హాజరు ధ్రువపత్రం. అలా హాజరు పట్టీ చదువుకు సాక్ష్యంగా కుదురుకుంది. విచిత్రం ఏమిటంటే, ఆ నమూనాకు మూలమైన లండన్ మరుసటి ఏడాదే, 1858లో, కళాశాల గడప తొక్కనివారికి సైతం పరీక్ష తలుపు తెరిచింది. మనం అచ్చును తెచ్చుకున్నాం, సడలింపును అక్కడే వదిలేశాం.

స్వాతంత్ర్యం తర్వాత కళాశాలలు చాలలేదు. డి.ఎస్. కొఠారి నేతృత్వంలోని నిపుణుల సంఘం సూచన మేరకు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా 1977లో ఆ దారి పట్టాయి. పాఠం అచ్చై టపాలో ఇంటికొచ్చేది. సిలబస్సు, పరీక్ష మాత్రం మాతృసంస్థవే. టైంటేబుల్ లేని డిగ్రీ విద్యార్థి ఇలా తయారయ్యాడు. అతనితోపాటే తయారైన మరో మాట 'రెగ్యులర్'. అంతవరకూ ఆ విశేషణం అంతగా అవసరం రాలేదు. పక్కన ఇంకొకరు వచ్చి నిలబడ్డాకే పాతవారికి తమను వేరుగా పిలుచుకోవలసిన అవసరం కలిగింది.

సాయంకాల కళాశాలల సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. గుమాస్తాలూ టైపిస్టులూ చీకటి పడ్డాక వెళ్ళి చదివిన ఆ డిగ్రీలను రెగ్యులర్ కావని ఎవరూ అనలేదు. వేళ మారినా గది మారలేదు గనక గౌరవం నిలిచింది. పట్టింపు గది గురించేనని అప్పుడే తేలిపోయింది.

అసలైన మలుపు 1982. భవనం వెంకట్రామిరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నది ఏడు నెలలు. ఆ కాలాన్ని రాజకీయ చరిత్ర సాధారణంగా ఒక్క వాక్యంలో దాటేస్తుంది, ఎన్టీఆర్ ప్రభంజనానికి ముందరి విరామంగా మాత్రమే చూస్తుంది. కానీ దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది ఆ ఏడు నెలల్లోనే. ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. సెప్టెంబరులో ముఖ్యమంత్రి మారారు, మరుసటి జనవరిలో పార్టీయే మారింది. విశ్వవిద్యాలయం మిగిలింది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు.

తొలి ఉపకులపతి జి. రామిరెడ్డి అంతకుముందు ఉస్మానియా ఉపకులపతి, పాలనాశాస్త్ర ఆచార్యులు. బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ ఆదర్శంగా ఉన్నా, ఇక్కడి ప్రయోగంలో రెండు తెగువలు కనిపిస్తాయి. మొదటిది ప్రవేశం: ఇంటర్మీడియట్ లేకున్నా అర్హత పరీక్ష దాటితే డిగ్రీలో చేరే వీలుండేది. రెండోది కాలపట్టిక: జిల్లాల్లోని మామూలు కళాశాలలనే అధ్యయన కేంద్రాలుగా తీసుకుని, అవి మూతపడి ఉండే ఆదివారాల్లో తరగతులు పెట్టారు. భవనం అదే, నల్లబల్ల అదే, చాలాచోట్ల అధ్యాపకుడూ అతడే. మారింది వారం మాత్రమే. కానిస్టేబుళ్ళు, ఆర్టీసీ ఉద్యోగులు, చిన్న వయసులో పెళ్ళయి చదువాగిన గృహిణులు ఆ బెంచీల మీద కూర్చున్నారు. సోమవారం అదే బెంచీ మీద కూర్చున్నవాడు రెగ్యులర్, ఆదివారం కూర్చున్నవాడు దూరవిద్య.

కేంద్రం 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పినప్పుడు దాని పగ్గాలూ రామిరెడ్డికే అప్పగించింది. అదే ఏడాది యూజీసీ బోధనా కనీస ప్రమాణాల మీద నిబంధనలు తెచ్చింది. సంప్రదాయ విద్యకు ఒకటి, దూరవిద్యకు వేరొకటి. విభజన అలా చట్టానికి ఎక్కింది. దాని లోపలి తర్కం క్రెడిట్ లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. తరగతి చదువులో వారానికి ఒక గంట ఉపన్యాసం సెమిస్టరు పొడవునా సాగితే ఒక క్రెడిట్. సార్వత్రిక పద్ధతిలో విద్యార్థి వెచ్చించే ముప్పై గంటల అధ్యయనం ఒక క్రెడిట్. మొదటి లెక్క అధ్యాపకుడి గంటలది, రెండోది విద్యార్థి గంటలది. ఇంత మౌలికమైన భేదం మీద జరగవలసిన చర్చ చట్టసభల్లో జరగనే లేదు. ఉద్యోగ ప్రకటనల్లో 'రెగ్యులర్ విధానంలో పొందిన పట్టా మాత్రమే' అన్న షరతుగా అది తేలింది.

ఈ అనుమానానికి కారణాలు లేకపోలేదు. దూరవిద్య పేరిట దుకాణాలు వెలిశాయి. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఇంజనీరింగ్‌ను సైతం టపాలో పంపాయి. అనుమతులను నియంత్రణ సంస్థ తర్వాత వెనుక తేదీలకు వర్తింపజేసింది. సుప్రీంకోర్టు 2017 నవంబరులో ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో ఆ తంతును తప్పుపట్టింది. 2001-05 మధ్య చేరినవారి పట్టాలను నిలిపివేసి పరీక్ష రాసే అవకాశమిచ్చింది. తర్వాత చేరినవారివి రద్దు చేసింది. ప్రయోగశాల లేని ఇంజనీరు వద్దనడంలో న్యాయస్థానం తప్పేమీ లేదు. కానీ అనుమతి ఇచ్చిన అధికారుల ఉద్యోగాలకు లేని గండం, ఆ అనుమతిని నమ్మి చేరి పదోన్నతి పొందిన ఉద్యోగులకు వచ్చిపడింది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ సరిహద్దు దాటి అధ్యయన కేంద్రాలు పెట్టరాదని యూజీసీ 2013లో కట్టడి చేసింది. నకిలీ కేంద్రాల అదుపు దాని ఉద్దేశం. యానాం నుంచి చూస్తే మాత్రం అది వింతగా ఉంటుంది. గోదావరి పాయ పక్కన, చుట్టూ ఆంధ్ర నేలే ఉన్న ఆ తెలుగు పట్టణపు కళాశాల వందల కిలోమీటర్ల దూరాన కాలాపేటకు అనుబంధం. కూతవేటు దూరంలోని కాకినాడలో నడిచే రాష్ట్ర విశ్వవిద్యాలయ కేంద్రం యానాంలో బల్ల వేసుకోకూడదు. దూరాన్ని జయించడానికి పుట్టిన విద్యకు సరిహద్దు రాయి అడ్డం.

ఈ వర్గీకరణ అంతటికీ పరీక్ష 2020 మార్చిలో ఎదురైంది. లాక్‌డౌన్‌తో దేశంలోని కళాశాలలన్నీ ఒక్కసారిగా మూతబడ్డాయి. తరగతి తెరకెక్కింది. సిగ్నల్ కోసం మిద్దెలెక్కిన విద్యార్థులకు అధ్యాపకుడి ముఖం నెలల తరబడి ఫోనులోనే కనిపించింది. బోధన తీరును బట్టే పేరు పెట్టవలసివస్తే ఆ విద్యాసంవత్సరాన్ని ఆన్‌లైన్ అనాలి. ఏ పట్టా మీదా అలా రాయలేదు. అవన్నీ రెగ్యులర్ పట్టాలే. రాయకపోవడమే సబబు, ఆ పిల్లల తప్పేమీ లేదు. అయితే అదే కాలంలో అదే తెర మీద చదివిన దూరవిద్యార్థి మాత్రం ఉద్యోగ ప్రకటన ముందు మళ్ళీ దూరవిద్యార్థిగానే నిలబడ్డాడు.

తర్వాతి మార్పులు వేగంగా జరిగాయి. 2020 సెప్టెంబరులో యూజీసీ దూరవిద్యకూ ఆన్‌లైన్ విద్యకూ కలిపి ఒకే నిబంధనావళి తెచ్చింది. 2021లో మిశ్రమ బోధనపై విడుదల చేసిన పత్రంలో సంప్రదాయ కోర్సులు సైతం నలభై శాతం వరకూ ఆన్‌లైన్‌లో నడపవచ్చంది. గుర్తింపు పొందిన సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు సంప్రదాయ డిగ్రీలతో సమానమని 2022 సెప్టెంబరులో ప్రకటించింది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం పాఠశాల నుంచి విశ్వవిద్యాలయం వరకు అందరికీ ఒకే కొలత పెట్టింది: ముప్పై అధ్యయన గంటలకు ఒక క్రెడిట్. ఏళ్ళ తరబడి రెండో తరగతిగా చూసిన ఆదివారపు విద్యార్థి కొలమానమే ఇప్పుడు కాలాపేటకూ ఉస్మానియాకూ కొలమానం. ఉద్యోగ ప్రకటనల్లో 'రెగ్యులర్ విధానంలో' అన్న మాటను తొలగించవలసిన బాధ్యత ఏ శాఖదో మాత్రం ఆ పత్రాల్లో ఎక్కడా లేదు.