మేకోంబ్ బాల్కనీ, స్కాట్స్‌బరో వీధులు

హార్పర్ లీ 1960లో ప్రచురించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలను మొదటిసారి చదివినప్పుడు నేనూ అందరిలాగే వకీలు అటికస్ ఫించ్‌కు చేతులు జోడించాను. రెండోసారి చదివినప్పుడు నా చూపు అతని మీద నిలవలేదు. కోర్టు బాల్కనీలో కూర్చున్న నల్లవాళ్ల మీదికి పోయింది. నా పేచీ ఆ బాల్కనీతోనే.

1930ల అలబామాలో మేకోంబ్ అనే చిన్న ఊరు. కథ చెప్పేది అటికస్ కూతురు స్కౌట్. మేయెల్లా యూయెల్ అనే తెల్ల యువతిపై అత్యాచారం చేశాడని టామ్ రాబిన్సన్ మీద అభియోగం. టామ్ ఎడమచెయ్యి చిన్నప్పుడే పత్తిమరలో పడి పనికిరాకుండా పోయింది. మేయెల్లా దెబ్బలు ముఖానికి కుడివైపున ఉన్నాయి. ఆమె తండ్రి బాబ్ యూయెల్ ఎడమచేతివాటం మనిషి. ఇంత రుజువున్నా తెల్లవాళ్ల జ్యూరీ టామ్‌దే నేరమంటుంది. తర్వాత జైలునుంచి పారిపోతున్నాడని కావలివాళ్లు అతన్ని కాల్చేస్తారు. ఒంట్లో 17 తూటాలు. (నవలలో సగం బూ రాడ్లీది, అతన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.)

టామ్‌ను ముంచింది సాక్ష్యం కాదు, ఒక మాట. కూలి తీసుకోకుండా మేయెల్లాకు పనులెందుకు చేశావని ప్రాసిక్యూటర్ గిల్మర్ అడిగితే, ఆమెను చూసి జాలిపడ్డానంటాడు. నల్లవాడు తెల్లపిల్లను చూసి జాలిపడడమా! ఆ వ్యవస్థలో జాలి కూడా పైనుంచి కిందికే పారాలి. ఊరి చెత్తకుప్ప పక్కన, తల్లిలేని సంసారం ఈదుతూ, తండ్రి చేత తన్నులు తినే మేయెల్లాకు మిగిలిన ఒకే ఆస్తి తెల్లచర్మం. దాన్ని కాపాడుకోవడానికి, తనను మనిషిగా చూసిన ఒక్కణ్నీ బలిపెట్టింది. పేదరికాన్నీ జాతి అహంకారాన్నీ ఇలా ఒకే మనిషిలో పట్టుకోవడం రచయిత్రి సాధించిన గొప్ప విజయం.

అయితే చరిత్ర ఏమంటోంది? 1931 మార్చి 25న అదే అలబామాలో గూడ్సు రైల్లోంచి తొమ్మిదిమంది నల్ల కుర్రవాళ్లను దింపి, ఇద్దరు తెల్ల స్త్రీలపై అత్యాచారం చేశారని నిర్బంధించారు. స్కాట్స్‌బరో కోర్టు కొద్ది రోజుల్లోనే ఎనిమిదిమందికి మరణశిక్ష వేసింది. నవలకు ఈ కేసే మూలమని నేననడం లేదు. కాని రెండిటినీ పక్కపక్కన పెట్టక తప్పదు.

అక్కడా ఒక మంచి మనిషి ఉన్నాడు. ఆ స్త్రీలలో ఒకరైన రూబీ బేట్స్ 1933లో తన ఆరోపణ అబద్ధమని కోర్టులో చెప్పినా జ్యూరీ మళ్లీ మరణశిక్షే వేసింది. న్యాయమూర్తి జేమ్స్ హార్టన్ ఆ తీర్పును కొట్టేశాడు. ఫలితం? మరుసటేడు ఎన్నికల్లో పదవి పోయింది. కేసు ఇంకో జడ్జి దగ్గరికి పోయింది.

ఆ కుర్రవాళ్లను ఉరికంబం ఎక్కకుండా ఆపడానికి కోర్టు వాదన ఒక్కటే చాలలేదు. కమ్యూనిస్టుల ఆధ్వర్యంలోని ఇంటర్నేషనల్ లేబర్ డిఫెన్స్ కేసును వీధుల్లోకి తెచ్చింది. ముద్దాయిల్లో ఇద్దరి తల్లి ఏడా రైట్ 1932లో యూరపంతా తిరిగి సభల్లో మాట్లాడింది. జ్యూరీల్లోంచి నల్లవాళ్లను మినహాయించడం చెల్లదని 1935లో సుప్రీంకోర్టు ఈ కేసులోనే చెప్పింది.

మేకోంబ్‌లో ఏడా రైట్ లేదు. అటికస్ వెళ్తుంటే బాల్కనీలోవాళ్లు మౌనంగా లేచి నిలబడతారు, అంతే. 2015లో వెలువడిన ‘గో సెట్ ఎ వాచ్‌మన్’లో ఇదే అటికస్ జాతివివక్షవాదుల సభలో కూర్చోవడం చూసి చాలామంది పాఠకులు దిగ్భ్రాంతి చెందారు. నాకు అంత ఆశ్చర్యం కలగలేదు.

స్కాట్స్‌బరో ముద్దాయిల్లో మిగిలిన ముగ్గురికి అలబామా ప్రభుత్వం 2013లో ‘క్షమాభిక్ష’ పెట్టింది. అప్పటికి ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ బతికి లేరు.