అల్యోలి

స్పెయిను దేశమందలి కాటలోనియా సీమలో అన్నమునకును చేపకును తోడుగా వడ్డించు, వెన్నముద్దను బోలిన యొక పచ్చడికి 'అల్యోలి' యని పేరు. 'అల్య్' అనగా వెల్లుల్లి, 'ఇ' అనగా మఱియు, 'ఓలి' అనగా నూనె, కావున ఆ పేరే దాని పాకవిధానము. రాతికల్వములో వెల్లుల్లి రెబ్బలను ఉప్పుతో మెత్తని గుజ్జగువఱకు నూఱి, ఆలివునూనెను బొట్టుబొట్టుగా జార్చుచు, చేయి యాపక ఒకే దిక్కుగా త్రిప్పినచో, ఆ రెండును కలిసి, కల్వమును బోర్లించినను జారనంత చిక్కనగును. తొందరపడి ధారగా పోసితిమా, విఱిగి నూనె వేఱగును.

ఫ్రాన్సులోని ప్రొవాన్సు సీమవారు దీనినే 'అయోలి' యని పలికి, గ్రుడ్డు పచ్చసొనను చేర్చుదురు. ఉప్పుచేపయు ఉడికించిన కూరగాయలును గూడిన భోజనమంతటికిని వారియెడ ఆ పేరే చెల్లును. ఆ మాటయందు వారికెంత మమకారమనగా, మహాకవి మిస్త్రాల్ 1891లో తమ భాషలో నెలకొల్పిన పత్రికకు దానినే పేరుగా నుంచెను. అట్టి మాటను నేడు వెల్లుల్లి కలిపిన ప్రతి మయొనైసునకును తగిలించుట నాకు సమ్మతము కాదు.

'ఓలి'కి మూలమైన లాటిను 'ఓలెయుమ్' గ్రీకుల ఆలివు పేరునుండి వచ్చినది. తిలలనుండి తైలమును, నువ్వుల నెయ్యినుండి నూనెయు మనకును అట్లే కలిగినవి.